కడబంతి

ఎనిమిది సిలిండర్లు ఒకే వరసలో,
బంతి భోజనానికి ఆకుల ముందు కూర్చున్నట్టు.
నలభై ఏడు నాటి ఇంజను. ఆరుగురు పడితే గానీ లేవదు.
సాగినాలో, మా గరాజులో,
మంచు తలుపు నడుం దాకా పేరుకున్న జనవరిలో.

కంపెనీవాళ్లు మధ్యలో ఒక్క కార్బురేటర్ పెట్టి ఊరుకున్నారు.
నాలుగోవాడికీ ఐదోవాడికీ గొంతుదాకా పెట్రోలు.
ఒకటోవాడూ ఎనిమిదోవాడూ
వాసన చూసి కడుపు నింపుకోవాలి.
వడ్డించేవాడు మనవాడైతే
కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు.
ఇక్కడ వడ్డించేవాడు ఎవడివాడూ కాడు,
మలుపు తిరిగేసరికి గరిటె ఖాళీ.

విప్పినప్పుడు చూశాను.
నడిమి పిస్టన్ల నెత్తిన తడిమసి, కాటుకలా.
కొసల రెండూ తెల్లగా, ఎండిన ఎముక రంగు.
డెబ్బై ఏళ్ల ఆకలి.

అందుకని నాలుగు పెట్టాను, ఇద్దరికొకటి చొప్పున.
ఒకటి ఫ్లింట్‌లో తుక్కు కొట్టువాడి దగ్గర,
రెండు ఆర్విల్ స్ట్రైకర్ భార్య దగ్గర.
అతను పోయిన ఏడాదికి, బిస్కెట్ల డబ్బాలో
పాతగుడ్డ చుట్టి ఇచ్చింది, డబ్బులు పుచ్చుకోలేదు.
నాలుగోది పగిలింది. అతికాను.
మానిఫోల్డ్ నేనే ఇసుకలో పోశాను.
ముప్పై ఒక్కేళ్లు ఫౌండ్రీలో అదే పని,
అయినా రెండుసార్లు చిట్లింది.
మూడోసారి చల్లారేదాకా
రెండురోజులు గరాజు వైపే పోలేదు.

ఒకటి, ఆరు, రెండు, ఐదు,
ఎనిమిది, మూడు, ఏడు, నాలుగు.
మంట రగిలే వరస. నిద్రలో లేపి అడగండి, చెబుతాను.

చెప్పలేనిదల్లా ఒకటే.
నాలుగు గొంతులూ ఒకే ఊపిరి పీలుస్తున్నాయా?
రబ్బరు గొట్టం ఒక కొస గొంతు దగ్గర పెట్టి
రెండో కొస చెవిలో పెట్టుకుని వినాలి.
ఎడమ చెవి ఫౌండ్రీ తీసుకుంది.
కుడిది సగం మిగిల్చింది.
పద్నాలుగు రాత్రులు విన్నాను, స్క్రూ తిప్పాను,
తిప్పింది మళ్లీ వెనక్కి తిప్పాను.

ఆ శనివారం మిస్ టెర్‌వీ వచ్చింది.
లూథరన్ చర్చి ఆర్గన్‌కి శ్రుతి చేసే మనిషి,
గాలిపంకా బెల్టు తెగిందట, నా దగ్గరేమైనా ఉందా అని.
కారంటే ఆమెకు నాలుగు చక్రాలు, అంతే.
వెతుకుతూ ఉత్తినే గొట్టం చేతికిచ్చాను.
కోటు విప్పలేదు. వంగింది. కళ్లు మూసుకుంది.

"మూడోది పైన పలుకుతోంది."
"ఎంత?"
"వెంట్రుకంత."
తిప్పాను. "ఇంకా." తిప్పాను. "ఆగు.
ఇప్పుడు మొదటిది అబద్ధమాడుతోంది."

చీకటి పడేదాకా అలాగే.
ఆమె ముక్కు కొసన నూనె మచ్చ, నేను చెప్పలేదు.
బెల్టు తీసుకుని వెళ్లిపోయింది.

పక్కింటి డ్వెయిన్ పావలా బిళ్ల తెచ్చాడు,
నడుస్తున్న ఇంజను మీద నిలువునా నిలబెడదామని.
వద్దన్నాను.
నిలబడితే గొప్ప బిళ్లది, పడితే తప్పు నాది.
అరచెయ్యి మాత్రం ఆన్చాను.
ఏమీ వినబడలేదు. ఏమీ కొట్టుకోలేదు.
ఆపి, ఎనిమిదో ప్లగ్ విప్పాను.
లేత బెల్లం రంగు.

నేను చర్చికి పోయే మనిషిని కాను.
ఈ ఆదివారం పోయాను, ప్లగ్ చొక్కా జేబులో ఉంది.
తలుపు పక్క, ఆఖరి బల్ల మీద కూర్చున్నాను.
ఆమె పైన ఎక్కడో మెట్లు నొక్కింది.
చెవికి పెద్దగా అందలేదు గానీ
బల్ల చెక్కలోంచి, బూటు అడుగులోంచి
నా దాకా వచ్చింది.